సబ్బు పడలేదు

బహ్రెయిన్‌లో, రిఫాలోని ఆ ఇంట్లో సత్యదుర్గకు అది నాలుగో ఏడు. చేరింది వంటింటి పనికే గాని, ఏడాది తిరిగేసరికి ఇంటాయన తల్లిని చూసుకోవడమే ఆమె అసలు పని అయింది. ముసలావిడను ఇంట్లో అందరూ యుమ్మా అని పిలిచేవారు, మనం అమ్మా అన్నట్టు. సత్యదుర్గ మామా అనేది, అక్కడి పనివాళ్ళ భాషలో అదీ అమ్మే. యుమ్మాకు షుగరు, మోకాళ్ళ నొప్పులు, రెండు కళ్ళలోనూ మసక. పొద్దున్నే స్నానం చేయించడం, పల్చబడిన జుట్టుకు నూనె రాసి జడ వెయ్యడం, వేళకు మాత్రలివ్వడం, చేపలో ముల్లు లేకుండా వేళ్ళతో తడిమి చూసి అన్నంలో కలిపి పెట్టడం, ఎండ తగ్గాక చక్రాల కుర్చీలో ప్రహరీ లోపల రెండు చుట్లు తిప్పడం, అన్నీ సత్యదుర్గే. మందుల అలమర తాళంచెవి ఆమె మెడలో నల్లపూసల తాడుకే వేలాడుతూ ఉండేది. ముసలావిడ ఆమెను ‘దర్గా’ అని పిలిచేది. మొదట్లో ఒకటి రెండుసార్లు సరిదిద్ది, తర్వాత ఆ పేరుకే పలకడం అలవాటు చేసుకుంది సత్యదుర్గ.

ఆమెది నరసాపురం అవతల, సముద్రానికి దగ్గర ఊరు. పెళ్ళయిన కొత్తలోనే భర్త పరమేశ్‌తో కలిసి రొయ్యల చెరువు గట్టు మీద పాకలో కాపురం పెట్టింది. ఏడేళ్ళు అక్కడే. మేత వెయ్యడం, చెక్ ట్రే పైకి లాగి రొయ్య ఎంత తిన్నదో, ఎంత వదిలేసిందో చూడడం, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతే చీకట్లో పరుగెత్తడం ఆమెకు అన్నం వండినంత అలవాటు. నీళ్ళ రంగు చూసి, గట్టు మీద నిలబడి వాసన చూసి, అడుగున కుళ్ళు ఉందో లేదో చెప్పేసేది. ఆ చెరువుకు వచ్చే మందుల కంపెనీ కుర్రాడు కూడా ముందు ఆమెనడిగి తర్వాత సీసాలో నీళ్ళు పట్టేవాడు. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ తెగులుకు పోయాక చెరువు చేతులు మారింది. పరమేశ్ ఇంకొకరి చెరువుకు కాపలా కుదిరాడు. సత్యదుర్గ బహ్రెయిన్ వచ్చింది.

బక్రీదుకు ఇరవై రోజుల ముందు ఆ ఇంటికి అక్వేరియం వచ్చింది. ఆరడుగుల పొడవు, ఉప్పునీటిది. ఇంటి కోడలు మునీరా మేడం ఆడపడుచు జల్లాఖ్‌లో సముద్రం ఒడ్డున కొత్త ఇల్లు కట్టుకుని, హాల్లో అలాంటిదే పెట్టించుకుంది. పండక్కి ఆవిడ పిల్లాజెల్లాతో ఈ ఇంటికే వస్తోంది. అందుకే మేడానికి అంత తొందర. “పండగ రోజుకు నీళ్ళు అద్దంలా ఉండాలి, చేపలు తిరుగుతూ ఉండాలి” అని దుకాణం వాళ్ళకు ఫోన్లో మూడు రోజులు చెప్పింది.

బిగించడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. వాళ్ళకు మంచినీళ్ళు తీసుకెళ్ళిన సత్యదుర్గకు, అందులో ఒకతను గోడ వైపు తిరిగి ఫోన్లో మాట్లాడడం వినిపించింది. “డ్యూటీల ఉన్ననే. ఇగ పెట్టు. మళ్ల జేస్త.”

ఫోన్లో తప్ప ఆ ఇంటి గడప లోపల తెలుగు మాట వినడం నాలుగేళ్ళలో అదే మొదటిసారి. గ్లాసులు గచ్చు మీద పెట్టేసింది.

“మన తెలుగేనా తమ్ముడూ?”

అతను గిరుక్కున తిరిగాడు. “అవునక్కా! మాది మెట్‌పల్లి దిక్కు. నా పేరు దేవేందర్. మీదెక్కడ?”

“నరసాపురం.”

“ఆంధ్రనా. మాటల్నే తెలుస్తున్నది” అని నవ్వాడు.

మధ్యాహ్నం తన కోసం ఉంచుకున్న దోసెలు మూడూ, కొబ్బరి పచ్చడీ అతనికి పెట్టేసింది. వంటింటి గడప మీద కూర్చుని తింటూ దేవేందర్ తన సంగతులు చెప్పాడు. దుబాయి వచ్చి ఆరేళ్ళు. బహ్రెయిన్‌నే దుబాయి అన్నాడు, వాళ్ళ ఊళ్ళో అందరూ అలాగే అంటారట. నాలుగేళ్ళు బిల్డింగుల మీద పరంజా కర్రలు కట్టే పని. ఒకసారి పైనుంచి జారి, కింది వలలో పడి బతికాడు. ఆ తర్వాత ఒక మలయాళీ స్నేహితుడు పని నేర్పి ఈ చేపల దుకాణంలో పెట్టించాడు. ఉండేది మామీర్‌లో, ఫ్యాక్టరీల పక్కనే, ఒక గదిలో ఆరుగురు. “ఏసీ కిందనే పని అక్కా. గోడలెక్కుడు తప్పింది. గిది పోతే మళ్ల గాడికే తోలుతరు” అన్నాడు.

హాల్లో పెట్టెల్లోంచి సముద్రపు రాళ్ళు తీస్తున్నప్పుడు సత్యదుర్గ ముక్కు ఎగబీల్చింది. చిల్లులు చిల్లులుగా ఉన్న పెద్ద పెద్ద రాళ్ళు. సందుల్లో నాచు, స్పాంజిలాంటి మెత్తని ముద్దలు నల్లబడి అంటుకుని ఉన్నాయి.

“ఇవి వాసనేత్తన్నాయేంటి తమ్ముడూ? వీటి మీద ఉన్నవన్నీ చచ్చిపోయినట్టున్నాయి.”

దేవేందర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “నీకు మంచిగ ఎర్కున్నదే! అసలైతే రాళ్ళను దుకాన్ల మూడు నాలుగు వారాలు ఉప్పునీళ్ళల్ల పెట్టి, సచ్చినయన్ని రాలిపొయ్యేదాంక ఉంచాలె. మా ముదీర్ వద్దన్నడు. పండుగ గిరాకి గదా, పెట్టెలు వచ్చినయి వచ్చినట్టే కొండవొమ్మన్నడు.” ముదీర్ అంటే దుకాణం మేనేజరు.

“మరి నీళ్ళు పాడైపోవా?”

“కొన్ని దినాలు తెల్లగైతయి. మళ్ల అవే సాఫ్ అయితయి. సూద్దాం.”

మొదటి రోజు నీళ్ళు బూడిద రంగులో కనబడ్డాయి. అది ఇసక దుమ్ము. మర్నాటికి అడుగుకు దిగిపోయి నీళ్ళు తేటపడ్డాయి. మేడం ఫొటోలు తీసి ఆడపడుచుకు పంపింది. నాలుగో రోజు పొద్దున మళ్ళీ మసక మొదలైంది. ఈసారి దుమ్ము కాదు. పల్చటి పాలు కలిపినట్టు తెలుపు. ఐదో రోజుకు వెనక గోడకున్న నీలం కాగితం కూడా కనబడలేదు. ఆరో రోజు, పక్కన బిగించిన నురుగు తీసే మిషను పొంగింది. తెల్లటి నురుగు డబ్బాలోంచి పొర్లి, పాలరాతి గచ్చు మీదుగా తివాచీ అంచు దాకా పాకింది.

అప్పుడు సత్యదుర్గ అక్కడే ఉంది. అదే ఆమె ఖర్మ. అక్వేరియం పక్క గోడకున్న నిలువుటద్దం తుడుస్తోంది. చేతిలో అద్దాలు తుడిచే నీలం మందు సీసా ఉంది. నురుగు చూసి, సీసా కింద పెట్టి, గుడ్డ తేవడానికి తిరిగేసరికి మేడం ఎదురుగా నిలబడి ఉంది. మేడం ముందు నురుగు చూసింది. తర్వాత సీసా చూసింది.

“అందులో ఏం పోశావు?”

“ఏం పొయ్యలేదు మేడం.” సత్యదుర్గకు వంటింటి అరబ్బీ బాగానే వచ్చు.

“సబ్బు పోయకుండా నురుగు ఎలా వస్తుంది? పొరపాటున పడిందా? పడితే పడిందని చెప్పు.”

“సబ్బు పడలేదు మేడం. ఈ సీసా అద్దానికే వాడేను. ఆ నీళ్ళ జోలికే పోలేదు.”

“మరి నిన్నటి దాకా లేనిది ఇవాళ ఎలా వచ్చింది?”

సత్యదుర్గ ఓపిగ్గా చెప్పబోయింది. రాళ్ళ మీద చచ్చిన జీవాలు నీళ్ళలో కుళ్ళుతున్నాయనీ, ఆ కుళ్ళు తిని కంటికి కనబడని పురుగులు లక్షల్లో పుట్టి నీళ్ళు తెల్లబడతాయనీ, అలాంటి నీళ్ళను మిషను చిలికితే నురుగు వస్తుందనీ. వాళ్ళ ఊళ్ళో రొయ్యల చెరువుల్లోనూ ఇలాగే అవుతుందనీ, అప్పుడు నీళ్ళు తోడెయ్యకుండా, మేత ఆపి ఓపిక పడితే అదే సర్దుకుంటుందనీ. పురుగు అన్న మాటకు మేడం మొహం చిట్లించింది.

“రొయ్యల చెరువా? ఇది ఎంత ఖరీదో, ఎక్కడినుంచి తెప్పించామో తెలుసా నీకు? కథలు చెప్పకు. సబ్బు పోశావా లేదా?”

“లేదు మేడం. మా అమ్మ తోడు.”

మేడం దుకాణానికి ఫోన్ చేసింది. మధ్యాహ్నం మూడింటికి దేవేందర్ ఒక్కడే వచ్చాడు. అతన్ని చూడగానే సత్యదుర్గకు ప్రాణం లేచొచ్చింది. రాళ్ళ సంగతి అతని నోటితోనే విన్నది కదా. ఇక తను చెప్పక్కర్లేదు, అతనే చెప్తాడు అనుకుని తలుపు దగ్గర నిలబడింది.

దేవేందర్ చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, చుక్కల మందు వేసి ఊపాడు. పసుపు రంగులో ఉండాల్సినవి ముదురాకుపచ్చకు తిరిగాయి. ఆ పరీక్ష సత్యదుర్గ చెరువు గట్టు మీద వందసార్లు చూసింది. అమ్మోనియా. కుళ్ళు ఉంటేనే అలా తిరుగుతుంది. సబ్బుకు తిరగదు.

మేడం అతనితో హిందీ అరబ్బీ కలిపి మాట్లాడింది. “సరిగ్గా చెప్పు. మీ సామానులో లోపమా? లోపమైతే ఇప్పుడే మీ ముదీర్‌కు ఫోన్ చేసి మొత్తం వెనక్కి తీసుకుపొమ్మంటాను. లేక ఈమె సబ్బు పోసిందా?”

దేవేందర్ గాజు గొట్టాన్ని గుప్పిట్లో మూసేశాడు.

“సబ్బు పడ్డా ఇట్లనే నురుగు వస్తది మేడం” అన్నాడు హిందీలో.

అంతే. సబ్బు పడిందని అనలేదు, పడలేదనీ అనలేదు. సత్యదుర్గకు హిందీ తక్కువే గాని ఆ మాట అర్థమైంది.

“మేడం, ఇతను అబద్ధం చెప్తన్నాడు” అంది అరబ్బీలో. “రాళ్ళు కడక్కుండా తెచ్చేనని ఇతనే నాతో అన్నాడు. అడగండి.”

దేవేందర్ అక్వేరియం వెనక్కి వంగి ఏదో బిగిస్తున్నట్టు నటిస్తూ, తల ఎత్తకుండానే తెలుగులో అన్నాడు. “అక్కా, నీ కాళ్ళు మొక్కుత, ఊకో. రాళ్ళు వాపస్ వోతే ముదీర్ నన్నే ఎల్లగొడ్తడు. నిన్నైతే ఒక మాటంటరు, మర్శిపోతరు.”

“ఏమంటున్నాడు?” అని మేడం అడిగింది.

“ఆమెను తిట్టకండి అంటున్న మేడం. తెల్వక చేసి ఉంటది” అన్నాడు దేవేందర్.

మేడం సత్యదుర్గ వైపు తిరిగింది. “విన్నావా? నీ దేశం మనిషే చెప్తున్నాడు. ఇంకా ఏం చెప్తావు?”

మేడం ఎక్కువ తిట్టలేదు. ఆ సాయంత్రం యుమ్మా గదిలోకి వచ్చి, చెయ్యి చాపి, “తాళంచెవి ఇలా ఇవ్వు” అంది. సత్యదుర్గ మెడలోని తాడు తీసి, ముడి విప్పి, తాళంచెవి ఇచ్చింది. “పడిందని చెప్పి ఉంటే నేనేమీ అనేదాన్ని కాదు. దాచావు చూడు, అదీ నాకు భయం. రేపు మా అత్తగారికి ఒక మాత్ర బదులు ఇంకో మాత్ర ఇచ్చి కూడా ఇలాగే లేదంటావు” అంది మేడం. ఆ మాటలో కోపం లేదు. నిజంగానే భయపడి అన్న మాటలా ఉంది. అందుకే అది ఇంకా కోసింది.

మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రం రెండేసి గంటలు ముసలావిడను చూసుకోవడానికి, పనిమనుషులను కుదిర్చే ఆఫీసు నుంచి వేరే పనిమనిషి రావడం మొదలుపెట్టింది. సత్యదుర్గకు వంట, బట్టలు, పెరడు. హాల్లో అడుగు పెట్టొద్దన్నారు. యుమ్మా గదిలోకి కూడా.

ఆ శుక్రవారం పరమేశ్‌కు వీడియో కాల్ చేసి జరిగిందంతా చెప్పింది. అతను చెరువు గట్టు మీదే ఉన్నాడు, వెనక ఏరేటర్ల చప్పుడు. అంతా విని అడిగాడు. “పోనీలే దుర్గా... నిజంగా కొంచెం చెయ్యి జారి పడిందేంటి?”

ఏడేళ్ళు గట్టు మీద ఒకే చెరువు నీళ్ళు చూసిన మనిషి. ఆ నురుగు దేనికొస్తుందో తనకు నేర్పిందే అతను. సత్యదుర్గ కాల్ కట్ చేసింది. పరమేశ్ మళ్ళీ చేస్తే ఎత్తలేదు. రెండు వారాలు ఎత్తలేదు.

అక్వేరియం విషయంలో దేవేందర్ చెయ్యాల్సినవన్నీ చేశాడు. పని తెలిసినవాడే. బాగా కుళ్ళిన నాలుగు రాళ్ళు తీసి పెరట్లో బకెట్లో పెట్టి బ్రష్షుతో రుద్దాడు. బొగ్గు సంచి ఒకటి నీళ్ళలో వేలాడదీశాడు. మిషను సరిచేశాడు. చేపలు వెయ్యొద్దు, నీళ్ళు మార్చొద్దు, లైటు తగ్గించండి, ఓపిక పట్టండి అని మేడానికి చెప్పాడు. అచ్చంగా సత్యదుర్గ చెప్పినవే. అతను చెప్తే మేడం ఫోన్లో రాసుకుంది.

వారం దాటాక తెలుపు విరగడం మొదలైంది. పండక్కి రెండు రోజుల ముందు నీళ్ళు తేటపడ్డాయి. దేవేందర్ మళ్ళీ చుక్కల మందు వేసి పసుపు రంగు చూపించి, నారింజ రంగు చేపలు రెండు తెచ్చి వదిలాడు. మేడం వంటింట్లోకి వచ్చి, మసాలా నూరుతున్న సత్యదుర్గతో సంతోషంగానే అంది. “చూశావా? నువ్వు చెయ్యి పెట్టడం మానేశావు, నీళ్ళు ఎలా బాగుపడ్డాయో.”

సత్యదుర్గ నూరుతూనే ఉంది. కుళ్ళు తినే పురుగుల పని అయిపోయింది కాబట్టి నీళ్ళు తేటపడ్డాయి. తను తాకినా అంతే, తాకకపోయినా అంతే. కానీ ఆ ఇంట్లో ఇప్పుడు ఆ తేటనీళ్ళే ఆమె తప్పుకు సాక్ష్యం. పండగ రోజున జల్లాఖ్ ఆడపడుచు అక్వేరియం ముందు నిలబడి మెచ్చుకుంటుంటే, మేడం సబ్బు కథంతా చెప్పి నవ్వించడం వంటింట్లోకి వినబడింది.

యుమ్మా గది వంటింటి గోడకు అవతలే. కొత్తామె వెళ్ళిపోయాక ముసలావిడ పిలుస్తూ ఉండేది. “దర్గా! దర్గా!” మొదట్లో రోజుకు పదిసార్లు. సత్యదుర్గ చేతిలో పని ఆపి, గోడ వంక చూసి, మళ్ళీ పనిలో పడేది. ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే కొత్తామె కుర్చీ తోసుకుంటూ వచ్చింది. ముసలావిడ జడ వంకరగా ఉంది, మెడ దగ్గర అన్నం మెతుకు ఎండిపోయి అంటుకుని ఉంది. సత్యదుర్గ అలికిడికి గుర్తుపట్టి చెయ్యి చాపి కొంగు పట్టుకుంది.

“నా పని చెయ్యలేనని నువ్వే అడిగి మానేశావట కదా? ముసలిదాన్నని అసహ్యం వేసిందా?”

“ఎవరన్నారు మామా? నేను అడగలేదు.”

“మునీరా చెప్పింది.”

సత్యదుర్గ ఇంకేదో చెప్పేలోపే పైనున్న మేడం గది కిటికీ తెరుచుకున్న చప్పుడైంది. కొత్తామె బెదిరిపోయి కుర్చీ ముందుకు తోసేసింది. కొంగు యుమ్మా వేళ్ళలోంచి జారిపోయింది. ఆ తర్వాత గోడ అవతలి నుంచి పిలుపులు తగ్గాయి. నెల తిరిగేసరికి ఆగిపోయాయి.

దేవేందర్ పదిహేను రోజులకొకసారి వచ్చేవాడు. అక్వేరియం నీళ్ళు కొంత మార్చి, అద్దాలు గీకి, వెళ్ళేముందు వంటింటి గుమ్మం దగ్గర ఆగేవాడు. ఒకసారి తన గదిలో ఉండేవాళ్ళెవరో ఊరి నుంచి తెచ్చారని సకినాల పొట్లం తెచ్చాడు. సత్యదుర్గ చెయ్యి చాపలేదు. అతను దాన్ని వంటింటి గట్టు మీద పెట్టాడు.

“నిన్ను ఒక మాటంటరు, ఇడిశిపెడ్తరనుకున్న అక్కా. గింత అయితదని అనుకోలే.”

“తిట్టి వదిలేత్తే నేనూ మర్చిపోయేదాన్ని. నా చేతిలోంచి మనిషిని లాక్కున్నారు. ఆ పెద్దావిడ నా చేత్తోనే తినేది.”

“నా బిడ్డ ఇప్పుడే ఇస్కూల్ల జేరింది. నౌకరి పోతే...”

“నాకు నీ బిడ్డ గురించి చెప్పకు తమ్ముడూ. ఆ రోజు నీకు దోసెలు పెట్టేను చూడు, ఆ చెయ్యి నరుక్కోవాలనిపిత్తంది.”

అతను తల దించుకుని వెళ్ళిపోయాడు. అలాంటి మాట తన నోటినుంచి వచ్చినందుకు సత్యదుర్గ ఆ సాయంత్రమంతా తనను తానే అసహ్యించుకుంది. అయినా వెనక్కి తీసుకోలేదు. సకినాలు పొట్లం విప్పకుండానే చెత్తబుట్టలో వేసింది.

నవంబరులో, గాలి చల్లబడ్డాక, దేవేందర్ మామూలు రోజు కాని రోజున వచ్చాడు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు.

“అక్కా, వేరే కంపెనీల పని దొరికింది. సౌదీ పోతున్న, దమ్మాంకు. దుకాన్ల లెక్క ఖలాస్. ఎల్లుండి పయనం.”

“మంచిది. వెళ్ళు.”

“పోయే ముంగట మేడంకు అసలు ముచ్చట చెప్పి పోత. ఇప్పుడు ముదీర్ నన్నేం జెయ్యలేడు.”

సత్యదుర్గ పొయ్యి మంట తగ్గించి అతని వైపు తిరిగింది. “ఇన్నాళ్ళకు ఎందుకు గుర్తొచ్చింది?”

“గీ బరువు మోసుకొని పోలేనక్కా. నిద్ర వడ్తలేదు.”

“అంటే నా కోసం కాదు. నీ నిద్ర కోసం.”

“చెప్పమంటవా, వద్దంటవా?”

వద్దని అనేసేదే. కానీ గోడ అవతలి గది గుర్తొచ్చింది. తాళంచెవి మళ్ళీ మెడలోకి వస్తుందేమోనన్న ఆశ, తనకే సిగ్గనిపించేంత ఆశ, పుట్టింది. “చెప్పు” అంది.

దేవేందర్ హాల్లోకి వెళ్ళాడు. సత్యదుర్గ చేతులు తుడుచుకుని వంటింటి తలుపు వారగా నిలబడింది. అతను చాలాసేపు మాట్లాడాడు. మాటలు సరిగా వినబడలేదు గాని, మేడం మధ్యలో ఒకసారి “అచ్ఛా?” అనడం, చివర్లో నవ్వి “మాలేష్, ఇప్పుడు బాగానే ఉంది కదా” అనడం వినిపించాయి. మాలేష్ అంటే పర్వాలేదులే అని. అతను వంటింటి వైపు రాలేదు. వీధి తలుపు మూసుకున్న చప్పుడైంది.

కాసేపటికి మేడం వచ్చింది. ఫ్రిజ్ తెరిచి నీళ్ళ సీసా తీసుకుంది.

“దేవేందర్ చెప్పాడు. అప్పుడు తప్పు రాళ్ళదేనట. నీది కాదట.”

“అవును మేడం.”

“మరి ఆ రోజే చెప్పొచ్చు కదా నువ్వు?”

సత్యదుర్గ ఆమె మొహంలోకి చూసింది. వేళాకోళం కాదు. మేడం నిజంగానే అడుగుతోంది.

“చెప్పేను మేడం. నాలుగుసార్లు చెప్పేను.”

“అలాగా? నాకు గుర్తులేదు. గట్టిగా చెప్పి ఉండాల్సింది.” మేడం నీళ్ళు తాగి మూత బిగించింది. వెళ్ళబోతుంటే సత్యదుర్గ అంది. “మేడం, మామా పని మళ్ళీ నేను చేత్తాను. మందుల తాళంచెవి ఇప్పించండి.”

మేడం ఆలోచించింది, ఎంతోసేపు కాదు. “ఆ అమ్మాయికి ఇప్పుడిప్పుడే అలవాటైంది. మళ్ళీ మార్చడం ఎందుకు? నీకూ పని తగ్గింది కదా, హాయిగా ఉన్నావు.” గుమ్మం దాకా వెళ్ళి తిరిగి చూసింది. “సాయంత్రం నలుగురు వస్తున్నారు. ఖర్జూరాలు ఉన్నాయో లేదో చూడు.”

ఖర్జూరాలు ఉన్నాయి. సత్యదుర్గ పళ్ళెంలో సర్దింది.

డిసెంబరులో ఆమె కాంట్రాక్టు పూర్తయింది. మేడం ఇంకో రెండేళ్ళకు కాగితాలు తయారు చేయించి ముందు పెట్టింది. జీతం పెంచుతానని కూడా అంది. సత్యదుర్గ సంతకం చెయ్యనంది, ఆఫీసు ద్వారా వేరే ఇంటికి మారతానంది. మేడం ఆశ్చర్యపోయింది, తర్వాత నొచ్చుకుంది. “నాలుగేళ్ళు ఇంట్లో మనిషిలా చూసుకున్నాను. నీకు నేనేం తక్కువ చేశాను?” అని అడిగింది. “ఏం లేదు మేడం” అంది సత్యదుర్గ. ఆ ఇంట్లో నిజం చెప్పడం ఆమె ఎప్పుడో మానేసింది.

వెళ్ళే రోజు యుమ్మాను చూడనిచ్చారు. ముసలావిడ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. చిక్కిపోయింది.

“మామా, నేను దర్గాను. వెళ్ళిపోతన్నాను.”

“తెలుసు. ఎప్పుడో వెళ్ళిపోయావు కదా.”

“నేను వెళ్ళలేదు మామా. నన్ను తీసేశారు. సబ్బు పోశానన్నారు. నేను పొయ్యలేదు. ఆ కుర్రాడే తర్వాత ఒప్పుకున్నాడు. మునీరా మేడానికి తెలుసు, అడుగు.”

ముసలావిడ కదల్లేదు. ఆమెకు సబ్బేమిటో, ఏ కుర్రాడో ఏమీ తెలియదు. ఇంట్లో ఎవరూ ఆమెకు అసలు సంగతి చెప్పలేదు. “పనికి వచ్చినవాళ్ళందరూ పోయేటప్పుడు ఏదో ఒకటి చెప్తారు” అంది గోడతోనే.

సత్యదుర్గ మంచం చివర కూర్చుని దుప్పటి మీద నుంచే ఆమె పాదాలు కాసేపు ఒత్తింది. పాదాలు వెనక్కి లాక్కోలేదు. మొహం మాత్రం ఇటు తిరగలేదు. బయట ఆఫీసు వాళ్ళ వ్యాను హారన్ కొట్టింది. లేచి వచ్చేసింది.

ఆఫీసులో కొత్త ఇళ్ళ జాబితా చూస్తున్న గుమాస్తా ఆమె పాత కాగితాలు తిరగేసి, “నీకు పెద్దవాళ్ళను చూసుకోవడంలో అనుభవం ఉంది. ముహర్రఖ్‌లో ఒక ముసలాయన ఉన్నాడు, మంచి ఇల్లు” అన్నాడు.

“వద్దండీ. బట్టలుతికే పనైనా పర్లేదు, గిన్నెలు తోమే పనైనా పర్లేదు. ముసలాళ్ళ పని మాత్రం వద్దు.”

“అందులో జీతం తక్కువ. ఎందుకు వద్దు?”

“వద్దంటే వద్దండీ” అంది సత్యదుర్గ. అతను భుజాలెగరేసి జాబితాలో ఇంకో కాగితం తిప్పాడు. ఇప్పుడామె ఈసా టౌన్‌లో ఒక పెద్ద ఇంట్లో ఇస్త్రీ పనిలో ఉంది. ఇంట్లో పద్నాలుగు మంది. ఎవరి పేరు ఏదో ఆమె ఇంకా పూర్తిగా తెలుసుకోలేదు, తెలుసుకోవాలని ప్రయత్నించనూ లేదు.